గాలిని వీపున పెట్టుకొని

పుంతా అరేనాస్‌లో చెట్లు కూడా ఒక పక్కకే పెరుగుతాయి,
పడమటి గాలి దువ్విన తలలు అవి.
అందుకే మొదటి రోజు కార్కమో మాకు నిప్పు చూపించలేదు.
రన్‌వే కంచెకు చిక్కుకొని కొట్టుకుంటున్న
ప్లాస్టిక్ సంచీని చూపించాడు.
"మీ గురువు అది. నేను కాదు" అన్నాడు.

గాలిని వీపున పెట్టుకో.
వాలు ఉంటే ఎగువన నిలబడు.
ఇంధనం పల్లానికే పారుతుంది,
దాని దారిలో నీ బూట్లు ఉండకూడదు.

కాగిన చక్రాల దగ్గరికి పక్క నుంచి పోవద్దు,
పగిలితే అవి పక్కలకే పగులుతాయి.
ముందు నుంచి వెళ్ళు, లేదా వెనక నుంచి.
"గుర్రం దగ్గరికి వెళ్ళే పద్ధతికి సరిగ్గా తలకిందులు"
అని నవ్వేవాడు, గొర్రెల దొడ్లలో పెరిగినవాడు.

ఇంజిన్ ఆగిందని ఎవరు చెప్పినా నమ్మకు.
నిలిచిపోయిన రెక్కను ఈ గాలి మళ్ళీ తిప్పగలదు.

కొత్త విమానాలు లోహం కాదు, దారాలూ జిగురూ.
కాలితే కంటికి ఆనని సూదులై
ఊపిరిలోకి దిగుతాయి.
మంట ఆరింది కదా అని ముసుగు తీసినవాడిని
మంట తీరిగ్గా, ఏళ్ళ తరబడి కాలుస్తుంది.
ఇది చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను.
ఒక్క మాట వదిలేశాను, చిన్నదే కదా అని:
"నురగ దుప్పటి లాంటిది.
దుప్పటి కింద ఎవరున్నారో డ్రైవరుకు తెలియదు."

*

ఆగస్టు. తెల్లవారుజాము నాలుగు దాటింది.
జలసంధి దాటి పోర్వెనీర్ నుంచి వస్తున్న చిన్న విమానం
రన్‌వేకి రెండు వందల అడుగుల ఇవతలే
నేలను అందుకుంది.

మూడు నిమిషాలు. మాకు ఇచ్చింది అంతే.
మా బండిని గోర్దా అంటాం, లావుపాటిది,
ఆరు చక్రాలు, కడుపునిండా నీళ్ళు.
సంచీ ఎటు ఎగురుతోందో చూసి
చుట్టు తిరిగి వెళ్ళాను.
ఆ చుట్టుకు పట్టిన ఇరవై సెకన్లు
ఇంకా నా పళ్ళ మధ్య ఉన్నాయి.

నురగ కురిసింది.
ఎర్రటిదంతా తెల్లగా అయింది, మోకాలి లోతు తెలుపు.
రేడియోలో గొంతు: "ఓయార్సో, ఎడమ రెక్క దగ్గరికి, త్వరగా!"

గేరు వేశాను.
అప్పుడు గుర్తొచ్చింది, రాసుకోని మాట.

బ్రేకు తొక్కాను.
ఉలీసెస్‌ని దింపాను, కొంకికర్ర చేతికిచ్చి.
ముందు మనిషి, వెనక బండి.
చీకట్లో వాకిలి వెతుక్కునేవాడిలా
ఒక్కో అడుగూ తడుముతూ నడిచాడు.
రేడియో అరుస్తూనే ఉంది.
పదకొండో అడుగులో చెయ్యెత్తాడు.

నా ముందు చక్రానికి బారెడు దూరంలో
ఒక చెప్పు.
చెప్పులో కాలు.
కాలు కదిలింది.

పాకుతూ అంత దూరం వచ్చిన ఆవిడ
నోట్లోంచి నురగ ఉమ్మి
మొదట అడిగింది తన టీ ఫ్లాస్కు గురించి.
వెతుకుతామని చెప్పాం. అబద్ధమే.

పైలట్ గురించి ఇక్కడ రాయను.

*

తెల్లారాక కోట్లు విప్పి సంచుల్లో కట్టాం,
చల్లటి నీళ్ళతో మెడలు కడుక్కున్నాం.
వేళ్ళు వణకడం ఆగాక కార్కమోకి ఫోన్ చేశాను.
రిటైరై ఆరేళ్ళు.
ఎంతమంది, ఏమైంది, ఏవీ అడగలేదు.
"ముసుగు ఎప్పుడు తీశావు?" అన్నాడు.
"అందరికంటే ఆలస్యంగా."
"మంచిది" అనబోయాడు.
దగ్గు అడ్డొచ్చింది, ఎప్పటి దగ్గే.

అది తగ్గేదాకా
ఫోను చెవికి ఆనించుకొని నిలబడ్డాను,
గాలికి వీపు తిప్పి.